ఒక్కరికి సరిపడా దీనార్లు

గిద్దలూరు బస్టాండు వదిలిన బస్సు ఊరి చివరి ఇళ్లు దాటకముందే, ఒళ్లోని సంచి అడుగున ఉన్న కవరు తెరిచిన ప్రసన్నకు డాలర్లు కనిపించలేదు; కువైట్ దీనార్లు కనిపించాయి. ఒంటె బొమ్మ, డేగ బొమ్మ, కుడి నుంచి ఎడమకు పాకే రాత. కవరు మూసింది. మళ్లీ తెరిచింది, రెండోసారి చూస్తే మారతాయేమోనన్నట్లు. మారలేదు. పక్క సీట్లో ఆమె భర్త అశోక్ ముందు సీటు కమ్మీకి నుదురు ఆనించి నిద్రపోతున్నాడు. మందుల కంపెనీ వాళ్లు డీలర్లకు పంచిన నీలం కోటు ఈ ఎండలో కూడా విప్పలేదు. మెడ దగ్గర చెమట పట్టి చొక్కా కాలరు నల్లబడింది. తాము పోతున్నది బాలికి, సరుకు బాగా ఎత్తిన పశువుల మందుల షాపులవాళ్లకు కంపెనీ ఇచ్చే టూరు మీద. బాలి తూర్పున ఎక్కడో సముద్రంలో ఉన్న దీవి, కువైట్ పడమర ఎడారి. ఈ రెండూ ఒక దారిలో వచ్చే ఊళ్లు కావని పదో తరగతి చదివిన తనకు తెలుసు, డిగ్రీ చదివిన ఆయనకు తెలియదా. బస్సు మార్కాపురం చేరేసరికి కంపెనీ వాళ్ల ఏసీ బస్సు సిద్ధంగా ఉంటుంది, అది హైదరాబాదు విమానాశ్రయానికి పోతుంది, రేపు ఈపాటికి సముద్రం ఒడ్డున రిసార్టు, తెల్లటి మంచం, కొబ్బరిబోండాం. నెల రోజులుగా ఇవే మాటలు ఇంట్లో తిరుగుతున్నాయి, అన్నం తింటూ, షట్టరు దించుతూ, దుప్పటి దులుపుతూ. ఆ మాటల్లో కువైట్ అన్న మాట ఒక్కసారి కూడా దొర్లలేదు. తాను కవరు తెరిచింది అనుమానంతో కాదు, డాలరు ఎట్లా ఉంటుందో చూద్దామని. అక్కడ దుకాణంలో ఎవరైనా నోటు చేతిలో పెడితే మొహం వెలవెలబోకుండా ముందే చూసి ఉంచుకుందామని. అంతే.

ఏ డబ్బు తీసుకుపోవాలన్న దాని మీద గిద్దలూరులో మాట్లాడని మనిషి లేడు. కంపెనీ సేల్స్ ఆఫీసరు ఇమ్మానుయేలు షాపు ముందు స్టూలు మీద కూర్చొని, కాళ్లు ఊపుతూ, పిల్లలకు పాఠం చెప్పినట్లు చెప్పాడు. డాలర్లు తెచ్చుకోండి, కొత్తవి, మడత పడకూడదు, పెన్ను గీత ఉండకూడదు, వాళ్లు వెలుతురుకు పెట్టి చూస్తారు. అక్కడ కొంచెం కొంచెంగా వాళ్ల రూపయ్యల్లోకి మార్చుకోండి. మన రూపాయలు అక్కడ ఎవరూ ముట్టుకోరు. ఎవరి డబ్బు వాళ్ల దగ్గరే ఉండాలి, మొగుడి దగ్గర ఉందంటే విమానాశ్రయంలో ఒప్పుకోరు, మనిషి మనిషినీ విడివిడిగా అడుగుతారు. పక్కనున్న బట్టల కొట్టాయన మాత్రం రూపయ్యలే ఇక్కణ్నించి తీసుకుపొమ్మన్నాడు, లక్ష నోటు జేబులో పెట్టుకొని తిరిగే భాగ్యం మళ్లీ రాదని నవ్వాడు. అక్కడ లక్ష నోటు ఇస్తే ఇద్దరి భోజనం అయిపోతుందట. ప్రసన్నకు ఆ మాట తెగ నచ్చింది, లక్ష ఇచ్చి చిల్లర అడగడం, చిల్లర కూడా వేలల్లో రావడం, ఆ వేలను లెక్క చూసుకోకుండా సంచిలో పడేసుకోవడం. మేడ మీద అద్దెకున్న టీచరమ్మ బ్యాంకు కార్డు చాలంది. నాయన అంకన్న కంభం సంతకు పోతూ షాపు ముందు ఆగి, లోపలికి రాకుండా, రోడ్డు మీదినుంచే అన్నాడు: "సముద్రం సూడాలంటే కొత్తపట్నం పోతే సాలదా. దానికి ఇమానం ఎక్కాల్నా." ఆయన నవ్వలేదు. లోపలికి రావడం ఎప్పుడు మానేశాడో ప్రసన్నకు బాగా తెలుసు, ఆ రోజు దగ్గరికి మనసును పోనివ్వకుండా ఎప్పటిలా పక్కకు తిప్పింది. అందరి మాటలూ విన్నాక అశోక్ తేల్చేశాడు. డాలర్లే. ఒంగోలు పోయి నేనే తెస్తా. పోయాడు, తెచ్చాడు, కవరు దూరంనుంచే చూపించాడు. ముట్టొద్దు, నలిగితే తీసుకోరు. ఆమె ముట్టలేదు. పెళ్లయినప్పటినుంచీ ఆయన ముట్టొద్దన్నవి ముట్టలేదు.

దీనారు తనకు కొత్త కాదు, అదే ఖర్మ. కొత్తదైతే ఇది కూడా ఒక రకం డాలరేమో అనుకొని కవరు మూసి కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. వెనక వీధి శివపార్వతక్క ఆ దేశంలో ఎవరింట్లోనో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చింది. పెద్ద సూట్‌కేసు తెరిచి, ఖర్జూరాల పొట్లాల కింద దాచిన నోట్లు పరిచి చూపించింది. ఇది ఒంటె, ఇది డేగ, ముట్టుకో, ఎంత నున్నగా ఉందో చూడు. పిల్లలు ముట్టుకున్నారు, ప్రసన్న కూడా ముట్టుకుంది. ఆ వేళ ఆమె చెప్పిన మాట ఇప్పుడు బస్సు కుదుపుకు ఊడిపడినట్లు చెవిలో పడింది. "పోయేటప్పుడు చేతిలో నాలుగు దీనార్లు ఉండాల ప్రసన్నా, మొదటి జీతం వచ్చేదాంక. లేకుంటే సబ్బుబిళ్లకు కూడా వాళ్లనే అడుక్కోవాల." నాలుగు దీనార్లు. కవరులో ఉన్నవి కూడా ఎక్కువేమీ కాదు, మడత పడకుండా పల్చగా ఉన్నాయి. విహారానికి పోయేవాడు తీసుకుపోయే డబ్బు కాదు ఇది. పనికి పోయేవాడు, మొదటి జీతం దాకా నెట్టుకురావడానికి తీసుకుపోయే డబ్బు. పోయినవాళ్లు ఏళ్లకు గాని రారు. కొందరు రారు. పోయిన వారం జిరాక్సు కావాలని అశోక్ తన పాస్‌పోర్టు ఒక్కటి మాత్రం సంచిలోంచి తీసుకున్నాడు, తిరిగి పెట్టలేదు; కోటు లోపలి జేబు ఉబ్బెత్తుగా ఉంది, నిద్రలో కూడా చెయ్యి దాని మీదే ఉంది. హైదరాబాదులో ఏం చెబుతాడు? నా కాగితంలో ఏదో తేడా ఉందంట, నువ్వు అందరితో పో, నేను రేపటి విమానానికి వస్తా అంటాడు. తాను నమ్ముతుంది. ఆ తెల్లటి మంచం మీద కూర్చొని ఎదురుచూస్తుంది, లక్ష నోట్లు కూడా లేకుండా. కానీ ఎందుకు? షాపు నడుస్తోంది. ఇంట్లో గొడవల్లేవు. ఇంకో ఆడది ఉందా అని ఒక్క క్షణం వెతుక్కుంది, ఉంటే బాగుండునన్నంత ఆశగా వెతుక్కుంది, ఎందుకంటే అది కాకపోతే మిగిలింది ఆ పక్కకు తోసిన రోజే.

బేస్తవారిపేటలో బస్సు ఆగింది. ఒక ముసలాయన గోనెసంచి చంకన పెట్టుకొని ఎక్కాడు, సంచి మూతిలోంచి గొర్రెపిల్ల తల బయటికి ఉంది. కండక్టరు టిక్కెట్టు తియ్యాలన్నాడు. "దానిక్కూడానా? కొట్టు నాయనా, సీటు కూడా ఇప్పీ మరి, కూచుంటది" అన్నాడు ముసలాయన, బస్సంతా నవ్వింది. అశోక్ కదిలాడు, కళ్లు తెరవకుండానే తల ఇటు నుంచి అటు మార్చుకున్నాడు. ముసలాయన ముందు సీట్లో కూర్చొని సంచి పక్కన పెట్టాడు, సీట్ల సందులోంచి గొర్రెపిల్ల తల సరిగ్గా ప్రసన్న మోకాలి దగ్గరికి వచ్చింది. దాని కళ్లు ఆమె గాజుల మీద పడ్డాయి. ఆమె చెయ్యి కదిపితే కళ్లు కదిలాయి, చెయ్యి ఎత్తితే కళ్లు ఎత్తింది. చూస్తోంది. అంత చిన్న సంగతి చాలు, ప్రసన్నకు ఇక మనసును పక్కకు తిప్పడం చేతకాలేదు. రాచర్ల దగ్గర పుట్టిల్లు, వానలు వెలిసిన కాలం, అమ్మ సుబ్బులమ్మ ఫోను, ఆటోలో పోవడం, దొడ్డి ముందు జనం. తమ్ముడు కోటి ఈల వేశాడు. గొర్రెలన్నీ ఎప్పటిలా ఈల వినపడ్డ వైపు తలలు తిప్పాయి, ఎప్పటిలా నడిచాయి, నడిచి కంపచెట్ల కంచెలోకి పోయాయి. ఒకదాని మీదికొకటి పోయాయి. రాతి తొట్టికి మూతి కొట్టుకొని నిలబడ్డాయి. ఒక తల్లి గొర్రె పిల్ల అరుపు వింటూ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది, పిల్ల దాని కడుపు కిందే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి అన్నిటికీ, గోలీకాయల్లా మెరుస్తున్నాయి, చూపు మాత్రం లేదు. ఎవరికీ సంగతి తెలియకముందే మేతకు పోయినవి గట్టు లేని పాత బావిలోకి ఒకదాని వెనక ఒకటి దిగిపోయాయి. ముందుది పడ్డ చప్పుడు విని వెనకది ఆగాలి కదా, ఆగలేదు, గొర్రె ముందుదాని గిట్టల చప్పుడు వెంట పోతుంది. కోటి పొట్టేలు మొహం ముందు అరచెయ్యి ఆడిస్తున్నాడు, అది ఆ చెయ్యి వాసన పట్టి నాకుతోంది, వాడు మళ్లీ ఆడిస్తున్నాడు.

అంతకు మూడు రోజుల ముందు ఒక సాయంత్రం నట్టల మందు కోసం కోటి షాపుకు వచ్చాడు. కడుపులో పురుగులకు ఏటా వానలయ్యాక పోసే మందే. "వెనక గదిలో గోడకానించిన డబ్బాలోంచి తియ్యి, ముందరివి వద్దు" అన్నాడు అశోక్, తానే తీసింది, తన చేత్తోనే ఇచ్చింది, డబ్బులొద్దురా అని కూడా అంది. తర్వాత కోటి ఒక్కసారే ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు, సీసా మూత మొదటి తిప్పుకే వచ్చింది అక్కా, టక్కుమని సీలు పగల్లేదు. కంపెనీ వాళ్లు మూతలు మార్చారంట్రా అని తాను చెప్పింది. తనకు ఆ మాట చెప్పింది అశోక్. చెప్పమన్నదీ ఆయనే కావచ్చు, ఇప్పుడు గుర్తురావడం లేదు. ఆ రోజు దొడ్డి దగ్గర, ఊరందరి ముందు, అశోక్ ఒకే ప్రశ్న అడిగాడు, కొలత చూసి పోసినావా సీసా ఎత్తి పోసినావా అని. నువ్వు చెప్పినంతే బావా అన్నాడు కోటి. బడి మధ్యలో మానేసినవాడి లెక్క ఎవరికి కావాలి, అద్దాల బీరువాల మధ్య కూర్చునే అల్లుడి లెక్క ఉండగా. నాయన ముందుకొచ్చాడు. కోటి చేతిలో కర్ర తీసుకున్నాడు. అంతే, గొర్రెల కాపరి చేతిలోంచి కర్ర తీసుకున్నాడు, ఇక నువ్వు మందను తోలొద్దని. కోటి ఖాళీ చెయ్యి కాసేపు అట్లాగే ముందుకు చాచి ఉంది. ఆ వారంలోనే వాడు మార్కాపురం పోయి పలకల ఫ్యాక్టరీలో చేరాడు, రాతి దుమ్ములో, తల కిందికి వేసుకొని. పండక్కి రాడు. ఫోను చేస్తే రెండు మాటలు, బాగుండావా అక్కా, సరే పెడతా.

పశువుల డాక్టరు ఖాళీ సీసాలు తీసుకొని ల్యాబుకు పంపాడు. రిపోర్టు ఇప్పటికీ రాలేదు. వచ్చేలోపు ఏమేం జరిగాయి? ప్రసన్న వేళ్లు కవరు అంచును సాగదీస్తున్నాయి, నలుగుతుందన్న జ్ఞానం కూడా లేకుండా. సీసాలు పోయిన కొద్ది రోజులకే షాపు బోర్డు మారింది. ప్రసన్న వెటర్నరీ మెడికల్స్. ఎర్ర అక్షరాలు, రాత్రి వెలిగే లైటు, ఆమె పేరు వీధి చివరికి కనిపించేంత పెద్దగా. కళ్లు మూయించి తీసుకుపోయి చూపించాడు. ఆ వీధిలో పెళ్లాం పేరు పెట్టిన మగవాడు లేడు, ఆడవాళ్లంతా వచ్చి చూసిపోయారు, శివపార్వతక్క దిష్టి తీసింది. లైసెన్సు కూడా నీ పేరుకే మార్పించినా, సంతకం పెట్టు, ఇక్కడ, ఇక్కడ కూడా. పెట్టింది. మర్నాటినుంచి పాఠాలు. ఏ మందు ఎవరి దగ్గర కొనాలి, బ్యాంకు వాళ్లు ఫోను చేస్తే ఏం చెప్పాలి, తాళాల్లో ఏది దేనికి. రేపు నేను ఉన్నా లేకున్నా నీకు తెలియాల గదా అన్నాడు ఒకసారి, ఆమె నోటి మీద చెయ్యి పెట్టి అట్లాంటి మాటలు అనొద్దంది. ప్రేమ అనుకుంది. బోర్డు చూసిన ప్రతి పొద్దూ ప్రేమే అనుకుంది. రిపోర్టు వచ్చిన రోజు పోలీసులు ఆ బోర్డు కింద నిలబడి ఎవరిని పిలుస్తారు? ఎర్ర అక్షరాల్లో ఉన్న పేరునే పిలుస్తారు. ఆ సీసాలు ఎవరిచ్చారని కోటిని అడిగితే వాడు అబద్ధం చెప్పడు, అక్క ఇచ్చిందంటాడు. అప్పటికి ఈ పక్క సీట్లో మనిషి ఒంటెల దేశంలో ఎవరి తోటకో నీళ్లు పెడుతుంటాడు. కిటికీ బయట కంది కోసిన మోళ్లు వెనక్కి పరుగెడుతున్నాయి. అయినా మనసు ఇంకా అడుక్కుంటోంది. కాదేమో. తప్పుగా అనుకుంటున్నానేమో. మనిషి మంచోడే, అమ్మకు సొంత మేనల్లుడు, చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంతా ఆ దొడ్లోనే గొర్రెపిల్లల వెంట పరుగెత్తినవాడు.

కంభంలో బస్సు ఆగింది. అశోక్ లేచి ఒళ్లు విరుచుకున్నాడు, టీ తాగి వస్తానన్నాడు, నీకేమైనా కావాల్నా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఎక్కేవాళ్లు తోసుకుంటూ ఎక్కుతున్నారు, సీటు పోతుంది. ఆయన మరి ఆలోచించలేదు. ఈ ప్రాంతంలో ఎవరైనా చేసే పనే చేశాడు, సీటు ఆపుకోవడానికి తువ్వాలు వేసినట్లు, ఒంటి మీది కోటు విప్పి సీట్లో వేసి దిగిపోయాడు. కోటు ఆమె తొడకు తగులుతూ పడుంది, లోపల ఇంకా ఆయన వేడి ఉంది. ప్రసన్న కిటికీలోంచి చూసింది. ఆయన టీ బండి దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు, గ్లాసు ఊదుకుంటున్నాడు, ఎవరితోనో నవ్వుతున్నాడు. ముట్టొద్దన్నవి ముట్టని చెయ్యి లోపలి జేబులోకి పోయింది. పాస్‌పోర్టు మధ్యలో మందంగా మడిచిన కాగితం ఉంది. చదవలేదు, కువైట్ వీసా అని తెలియడానికి చదవాల్సిన పని లేదు. రెండూ రవికెలో పెట్టుకొని పైట సర్దుకుంది. దిగిపోవచ్చు. అవతలి వైపు గిద్దలూరు బస్సు ఆగి ఉంది, ఎక్కితే మధ్యాహ్నానికి ఇల్లు, ఇంటి ముందు ఆ బోర్డు. దిగినా ఆ పేరు కిందికే పోవాలి. చెరువు మీది గాలి ఒక్కసారి బస్సులోకి కొట్టింది, తడి వాసన, ఎవరి సంచిలోనో జామకాయల వాసన. ఆమె కూర్చునే ఉంది.

ఆయన వచ్చి, కోటు తీసి ఒళ్లో వేసుకొని కూర్చున్నాడు. బస్సు కదిలింది. ఆమె కవరు ఆయన మోకాలి మీద పెట్టింది.

"ఇవి ఏ దేశం డబ్బులు బావా?"

ఆయన కవరు వైపు చూడలేదు. వెనక్కి తిరిగి ఎవరైనా విన్నారా అని చూశాడు, ఆ తర్వాతే నవ్వు తెచ్చుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం తడుముకోలేదు. దీనారు కంటే పెద్ద నోటు లోకంలో లేదు. ఒంగోలులో డాలర్ల ధర చూసి అనిపించింది, పది గొర్రెపిల్లల్ని తోలుకొని పోయి సంతలో అమ్ముకునేకంటే ఒక్క పొట్టేలును పట్టుకుపోతే సులువు కదా, ఎక్కడ మార్చినా ఎక్కువొస్తుంది, ఆ ఇమ్మానుయేలుకు ఏం తెలుసు. నిన్ను ఆశ్చర్యపరుద్దామని చెప్పలేదు. మాట ఎంత సాఫీగా ఉందంటే ప్రసన్న ఒక్క నిమిషం ఊపిరి వదిలింది. తన నాయన అయినా ఇట్లాగే ఆలోచిస్తాడు, తన వాళ్లెవరైనా ఇట్లాగే పొట్టేలు లెక్కే వేస్తారు. గొర్రెల లెక్కలో పెరిగిన తమకు తప్ప ఇంకెవరికీ ఈ తప్పు చేయడం రాదు. నమ్మాలనిపించింది. నమ్మితే రేపు సముద్రం. కానీ చెప్పిన మనిషి చెయ్యి మాట్లాడుతున్నంతసేపూ కోటు లోపలి జేబును తడుముతోంది, మొదట మెల్లగా, ఆ తర్వాత తొందరగా.

"ఒక్క మనిషికే ఉన్నాయి ఏంది?" అందామె. "ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలన్నాడు గదా. నావి ఏవి?"

"నీకు రూపాయలు ఉన్నాయి గదా," అన్నాడు అశోక్. ఆయన ధ్యాసంతా జేబు మీదే ఉంది. అందుకే అబద్ధం తయారు కాకముందే ఆ మాట జారింది. జారిందని ఆయనకు తెలిసింది. ఆమెకు తెలిసిందని కూడా తెలిసింది.

రూపాయలు. బాలిలో ఎవరూ ముట్టుకోని రూపాయలు. గిద్దలూరులో బియ్యానికీ, కరెంటుకూ, వకీలుకూ పనికొచ్చే రూపాయలు. ఎవరికి ఏ డబ్బు అన్నది ఆయన ఎప్పుడో పంచేశాడు, తాను రూపాయిలో మిగిలిపోయే మనిషి. నొప్పి రావాలి, రాలేదు. దాని బదులు దొడ్డి ముందు చాచిన కోటి ఖాళీ చెయ్యి కళ్లముందుకు వచ్చి నిలబడింది. రోడ్డు పక్కన పలకల గనులు మొదలయ్యాయి, నల్లటి రాతి ముక్కలు గుట్టలు గుట్టలుగా, ఎండకు తళతళమంటూ. మార్కాపురం ఇంకెంతో దూరం లేదు. ఆ ఊళ్లోనే ఎక్కడో ఒక రేకుల షెడ్డులో వాడు రాయి అరగదీస్తున్నాడు. ఏసీ బస్సు కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఆయన గొంతు తగ్గించి పాస్‌పోర్టు అడిగాడు, మొదట బతిమాలినట్లు, ఆ తర్వాత పళ్ల మధ్య. ప్రసన్నా, ఇయ్యి. నలుగురిలో నన్ను అల్లరి చెయ్యొద్దు. మోచెయ్యి మీద వేళ్లు బిగించాడు. ముందు సీట్లో ముసలాయన సంచిలోంచి గొర్రెపిల్ల అరిచింది, ఆ వేళ్లు ఒక్కసారి వదులయ్యాయి. ప్రసన్న అరవలేదు. ఏడవలేదు. తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది.

"నా దగ్గరుంది. మార్కాపురంలో దిగినాక ఇస్తా. పోతే పో, నేను ఆపను. నువ్వు యాడికి పోతాండావో నేను అడగను. నా తమ్ముని గొర్రెలు ఏం తాగినాయో వానికి చెప్పి పో."

ఫోను తీసి నంబరు నొక్కింది. మోగుతోంది. ఎత్తకపోతే బాగుండునని ఆయన మొహం మొక్కుకుంటోంది, ఎత్తకపోతే ఈ ధైర్యం మళ్లీ రాదని ఆమెకు భయంగా ఉంది, మోగుతోంది, అవతల రాయి కోసే మిషను చప్పుడు, దాని మధ్యలోంచి అక్కా అన్న పిలుపు. ఆమె ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూశాడు. పారేస్తాడనుకుంది, కిటికీ తెరిచే ఉంది. అక్కా, ఏమైంది, చెప్పు అక్కా అంటోంది ఫోను చిన్నగా. అశోక్ మొహంలో చాలా నెలలుగా బిగబట్టుకున్నదేదో, ఆమె ఇన్నాళ్లూ పని ఒత్తిడి అనుకున్నదేదో, మెల్లగా కిందికి జారింది. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"కోటీ, అక్క కాదు, నేను. బావను. మిషను కాడ నుంచి కొంచెం పక్కకు రా. ఇనపడతాందా. నువ్వు కొలత తప్పు పొయ్యలేదురా. నేను చెప్పినంతే పోసినావు. మందే తప్పు. అది కంపెనీ మందు కాదు. బయట క్యాన్లలో తెచ్చి, నీళ్లు కలిపి, పాత సీసాలల్లో నేనే నింపేవాణ్ని. ఈ టూరు రావాలంటే కంపెనీ సరుకు కుప్పలు కుప్పలు ఎత్తాల, దానికి చేతిలో డబ్బు ఆడాల, అందుకు నింపినా. మీ అక్కకు తెలియదు. ఏ డబ్బాలోంచి తియ్యాలో చెప్పినా, తీసిచ్చింది, అంతే దానికి తెలిసింది. బోర్డు మీద దాని పేరు పెట్టించింది రిపోర్టు వచ్చినాడు నా పేరు లేకుండా ఉండాలనే. ఉండు, ఇంకా ఉంది, మాట్లాడొద్దు, మాట్లాడితే మళ్లీ చెప్పలేను. నీకిచ్చిన సీసాలకు నీళ్లు కలపలేదు, కలపని మందు కళ్లు తీస్తాది. మర్చిపోయినా. అది కావాలని చేసింది కాదు, ఆ ఒక్కటి కాదు. కానీ షాపు మూసేటప్పుడు చూసినా, క్యాను ఖాళీగా ఉంది, నీళ్ల డ్రమ్ము నిండా అట్లనే ఉంది. అప్పుడే తెలిసింది. నువ్వు తెల్లారుజామున, దొడ్డి ఇడవకముందు, పరగడుపున పోస్తావని నాకు తెలుసు. ఎవరైనా ఒకరోజు ఆలస్యం చేస్తారేమో గాని నువ్వు చెయ్యవు. చెప్తే ఆగేవాడివి. చెప్పాలంటే ఎందుకు బావా అని అడుగుతావు గదా. మీరందరూ మూడోనాడు చూసినారు, నేను ఆ తెల్లారే సూర్యుణ్ని చూసి అనుకున్నా, ఇంగ పోసేసుంటాడు అని. మామ నీ చేతిలో కర్ర గుంజుకుంటాంటే పక్కనే నిలబడి ఉన్నా. ఆ రాత్రి నీకు ఫోను చెయ్యలేదనుకుంటాండావేమో. చేసినా కోటీ. నంబరు నొక్కినా. మోగకముందే కట్ చేసినా."